దోమ కడుపులోని నల్లని రేణువులు

సంగమునొద్ద నెల్లూరు బాటమీద చీకటివేళ నిలిచి ఆత్మకూరు వైపు చూచినవారు ఒక సంగతి గమనించియే యుందురు. ఆ వైపునుండి వచ్చు లారీ దూరమున నున్నంతసేపు దానికి ఒకే దీపము గలదని తోచును. అది దగ్గరకు వచ్చినకొలది ఆ దీపము కొంచెము వెడల్పగును. పిమ్మట నడుమ చీకటి గీత యొకటి పుట్టును. అప్పుడు గాని అవి రెండు దీపములని మనకు తెలియదు. లారీకి దీపములు మొదటినుండియు రెండే. దూరమున నున్నప్పుడు వాటిని వేరుచేసి చూపు శక్తి మన కంటికి చాలలేదు, అంతే. ఈ చిన్న సంగతిని మనస్సులో నుంచుకొనుడి. ముందు దీనితో పని గలదు.

పెన్నానది, దాని ఆనకట్ట, అక్కడనుండి బయలుదేరు కాలువలు, కాలువల క్రింది వరిమళ్ళు, చెరువులు, ఇవి మన ప్రాంతపు సిరి. 1880 దశకమున కట్టిన పాత ఆనకట్టకు తోడు 2022లో క్రొత్త బ్యారేజి కూడ వచ్చినది. నీరున్నచోట పంట యుండును. నీరున్నచోటనే దోమయు నుండును. చలిజ్వరము వచ్చినప్పుడు మన పూర్వులు గాలి సోకినదనియు, నీళ్లు పడలేదనియు చెప్పుకొనెడివారు. వారిని చూచి నవ్వనక్కరలేదు. ఇటలీ దేశస్థులు దానికి పెట్టిన మలేరియా అను పేరునకు అర్థము చెడుగాలి అనియే. బురదనేలలనుండి లేచు ఆవిరి మనుష్యులను పట్టుకొనునని గొప్ప గొప్ప వైద్యులే నూరేండ్లకు పైగా నమ్మియుండిరి.

1960 దశకమున నేను చిన్నవాడను. ఆ దినములలో మలేరియా పనివాడు ఇంటింటికి వచ్చి జ్వరమున్నవారెవరని అడిగి, వ్రేలిని సూదితో పొడిచి, ఒక నెత్తురు చుక్కను గాజుపలకమీద పూసికొని, గోడమీద తేదీ వ్రాసి పోయెడివాడు. మా నాయనమ్మ అతడు వీధి మలుపున కనబడగానే మమ్మును ధాన్యపు గాదె వెనుక దాచెడిది. పిల్లల నెత్తురు తీసికొనిపోయి ఏమి చేయుదురో అని ఆమె భయము. ఆమెకు సమాధానము చెప్పగలవారు ఆనాడు మా యింట లేరు. ఆ గాజుపలకను తీసికొనిపోయి ఏమి చేయుదురో, ఆ పని ఎట్లు పుట్టెనో, అందులో మన తెలుగు నేలకు ఎంత భాగమున్నదో చెప్పవలెనని నేటికి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

సూక్ష్మదర్శిని యనగానే చిన్నదానిని పెద్దదిగా చూపు యంత్రమని అందరు చెప్పుదురు. అది సగము నిజము. మొదట ఆ సగమును చూతము.

తెల్లవారుజామున పొలము గట్టుమీద పోవునప్పుడు వరి ఆకుమీద నిలిచిన మంచుబిందువులోనికి వంగి చూడుడి. బిందువు క్రిందనున్న ఆకు ఈనెలు ప్రక్కనున్న ఈనెలకంటె లావుగా కనబడును. నీటిబిందువు నడుమ ఉబ్బుగాను అంచులయందు పలుచగాను ఉండుటచేత దాని గుండా వచ్చు వెలుగు వంగును. కాలువలో దిగవేసిన కర్ర వంగినట్లు కనబడుటకు ఏది కారణమో దీనికి అదియే కారణము. గాజును ఈ బిందువు ఆకారమున సానపట్టినచో అది కటకము. మన పెద్దలు గ్రంథము చదువునప్పుడు పెట్టుకొను కళ్లద్దములలో నున్నది ఇదియే. భూతద్దము ఇదియే.

కటకము ఎంత చిన్నదై, ఎంత గుండ్రనిదైన అంత ఎక్కువ పెద్దదిగా చూపును. హాలండు దేశమునందలి డెల్ఫ్టు పట్టణమున లేవెన్‌హుక్ అను బట్టల వర్తకుడు ఈ మర్మమును పట్టుకొనెను. నూలుపోగులను పరీక్షించుటకు వర్తకులు భూతద్దము వాడెడివారు. ఇతడు దానితో తృప్తిపడక తన చేతితోనే మిక్కిలి చిన్న కటకములు చేసి, ఇత్తడి రేకుల నడుమ బిగించి, కంటికి తగులునంత దగ్గరగా పెట్టుకొని చూచెను. ఆయన చేసినవాటిలో నేటికి మిగిలినవానిలో శ్రేష్ఠమైనది సుమారు 270 రెట్లు పెద్దదిగా చూపును. 1670 దశకమున ఆయన చెరువునీటిలోను, వానినీటిలోను తిరుగాడు సూక్ష్మజీవులను చూచి లండనులోని రాయల్ సొసైటీకి జాబులు వ్రాసెను. పాఠశాల చదువు పెద్దగా లేనివాడు, లాటిను భాష రానివాడు. తన మాతృభాషలోనే వ్రాసెను. నాకు ఈ మనుష్యుడనిన మిక్కిలి యిష్టము.

అయితే ఒంటి కటకముతో చూచుట కంటికి హింస. రెండు కటకములను ఒక గొట్టము రెండు చివరల పెట్టి చూచు పద్ధతి వేరొకటి కలదు. నేటి ఆసుపత్రులలో నున్నది ఆ రకమే. దాని పని తెలిసికొనుటకు ఇంట ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. దగ్గరి అక్షరములు చదువుటకు పెద్దలు వాడు కళ్లద్దములను తీసికొని, కిటికీకి ఎదురుగా నున్న గోడకు మూరెడు దూరమున పట్టుకొని, కొంచెము ముందుకు వెనుకకు జరుపుడి. ఒకచోట గోడమీద కిటికీ బొమ్మ తలక్రిందులుగా పడును. కటకము వెలుగును పోగుచేసి బొమ్మ కట్టగలదని దీనివలన తెలియుచున్నది. దూరపు వస్తువునకు బొమ్మ చిన్నదిగా పడును. వస్తువును కటకమునకు బాగుగా దగ్గరకు తెచ్చినచో బొమ్మ దూరమున పెద్దదిగా పడును.

సూక్ష్మదర్శినిలో వస్తువునకు దగ్గరగా క్రిందనున్న కటకము ఈ పని చేయును; అనగా నెత్తురు చుక్కయొక్క పెద్ద బొమ్మను గొట్టములో పైభాగమున గాలిలోనే కట్టును. కంటివద్దనున్న రెండవ కటకము ఆ బొమ్మను భూతద్దమువలె మరల పెద్దది చేయును. క్రిందిది 40 రెట్లు, పైది 10 రెట్లు అయినచో మొత్తము 400 రెట్లు. బొమ్మ తలక్రిందులుగా నుండుటచేత, గాజుపలకను కుడికి జరిపినచో లోపలి దృశ్యము ఎడమకు పోవును. క్రొత్తగా చూచువారందరు ఇక్కడ తికమకపడుదురు.

రెండు కటకములు పెట్టగానే పని కాలేదు. కటకము గుండా వచ్చు వెలుగులో ఎరుపొకచోట, నీలమొకచోట చేరును. కాబట్టి వస్తువుల అంచులకు ఇంద్రధనుస్సువంటి రంగుల పోగులు పట్టెడివి. ఒక తప్పును రెండవ కటకము మరింత పెద్దది చేసెడిది. లోపల కనబడినది నిజమో, గాజు చేసిన మాయయో ఎవరికిని తెలియదు. 1830లో జోసెఫ్ జాక్సన్ లిస్టరు అను లండను నివాసి, వేరువేరు గాజులతో చేసిన కటకములను తగిన దూరములలో జతపరచినచో ఒకదాని తప్పు నొకటి సరిచేసికొనునని చూపెను. ఆయన క్వేకరు సంఘస్థుడు, వృత్తిచేత ద్రాక్షారస వర్తకుడు. శస్త్రచికిత్సలో పుండ్లు కుళ్లకుండ చేయు మార్గమును తరువాత కనిపెట్టిన లిస్టరు ఈయన కుమారుడే.

ఇప్పుడు లారీ దీపములయొద్దకు వత్తము. దూరమున నున్న లారీని ఫొటో తీసి, ఒకే దీపముగా పడిన ఆ బొమ్మను గోడంత పెద్దది చేసినను రెండు దీపములు కనబడవు. ఒక పెద్ద వెలుగు ముద్ద కనబడును. అట్లే సూక్ష్మదర్శినిలో పెద్దది చేయుట వేరు, విడదీసి చూపుట వేరు. విడదీయు శక్తి లేనిదే ఎన్ని రెట్లు పెంచినను మసకయే పెరుగును. ఈ శక్తికి హద్దు కలదనియు, ఆ హద్దు గాజులో గాక వెలుగులోనే యున్నదనియు జర్మనీలోని యేనా పట్టణమునందు ఎర్నస్టు అబ్బె అను పండితుడు 1873లో చూపెను.

అది ఎట్లనగా, వెలుగు అలలుగా నడచును. మైపాడు రేవునకు పోయి చూడుడి. నీటిలో పాతిన సన్నని కర్రను సముద్రపు అల దాటిపోవును. కర్ర వెనుక అలలో ఏ మార్పును లేదు. పెద్ద పడవ అడ్డమున్నచో అల విరుగును, ఆ వైపు నీరు నెమ్మదించును. అలను చూచి అక్కడ పడవ యున్నదని చెప్పవచ్చును గాని కర్ర యున్నదని చెప్పజాలము. వెలుగు అల పొడవు మైక్రానులో సగము మాత్రమే. మైక్రాననగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. ఈ కారణముచేత మైక్రానులో అయిదవ వంతుకంటె దగ్గరగా నున్న రెండు చుక్కలను సాధారణ సూక్ష్మదర్శిని ఒక్క చుక్కగానే చూపును. నెత్తురులోని ఎర్రకణము సుమారు 7 మైక్రానులు. అది హాయిగా కనబడును. మలేరియా క్రిమి ఆ కణములోపల మొదట ఒకటి రెండు మైక్రానులుగా నుండును. అదియు కనబడును, అయితే అంచునకు దగ్గరగా.

ఆ అంచువరకు పోవుటకు ఒక నూనె చుక్క కావలెను. గాజుపలకనుండి బయటికి వచ్చు వెలుగు గాలిలోనికి రాగానే ప్రక్కలకు వంగి చెదరిపోవును. దానిలో కొంత కటకమునకు అందదు. అందని వెలుగుతోపాటు దానిలోని వివరము కూడ పోవును. గాజుకు కటకమునకు నడుమ దేవదారు నూనె చుక్క వేసినచో, నూనె వెలుగును గాజువలెనే వంచును గనుక, వెలుగు తిన్నగా కటకములోనికి పోవును. నూనెలో పడిన గాజుముక్క అంచు సరిగా కానరాకపోవుటయు ఈ గుణముచేతనే. 1878 ప్రాంతమున ఈ నూనె కటకములు వచ్చిన తరువాతనే క్రిముల శాస్త్రము పరుగెత్తినది. క్షయరోగ క్రిమిని కోఖు 1882లో లోకమునకు చూపెను.

మరియొక చిక్కు కలదు. శరీరములోని కణములు ఇంచుమించు నీటివలె పారదర్శకములు. నీళ్లగ్లాసులో గాజుపూస వేసి వెదకుట ఎట్లో, వాటిని చూచుట అట్లు. పెద్దది చేసినను, విడదీసినను, చుట్టునున్నదానికంటె భిన్నముగా లేనిది కంటికి పట్టదు. అందుచేత రంగులు వేయుదురు. రంగు వేయనిదానిని చూడవలసినచో క్రిందనుండి వచ్చు వెలుగును తగ్గింపవలెను. మిట్టమధ్యాహ్నమున ఇసుకలో అడుగుజాడలు కానరావు, సాయంకాలపు వెలుగులో ప్రతి అడుగును తెలియును. ఇది ఇంచుమించు అట్టిదే. ఆ కాలపు సూక్ష్మదర్శినికి అడుగున చిన్న అద్దముండెడిది. దానిని పగటి వెలుగువైపు త్రిప్పి, నడుమ రంధ్రమును చిన్నది పెద్దది చేయుచు చూడవలెను. ఆ పని చేతికి వచ్చుటకే నెలలు పట్టును.

ఇక రాస్ కథ చెప్పవచ్చును.

రోనాల్డ్ రాస్ 1857 మే 13న హిమాలయ ప్రాంతపు అల్మోరాలో పుట్టెను. తండ్రి సైన్యాధికారి. కుమారునికి పద్యములు, సంగీతము, గణితము ఇష్టము. తండ్రి బలవంతముమీద వైద్యుడై 1881లో భారత వైద్య సేవలో చేరెను. దానికి ముందటి సంవత్సరము, 1880 నవంబరులో, అల్జీరియాలోని ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ మలేరియా రోగి నెత్తురులో ప్రాణముగల క్రిమిని చూచెను. దానిలో నల్లని రేణువు లుండెను. క్రిమి మన నెత్తురులోని ఎర్రదనమును తినివేసి, జీర్ణము కానిదానిని నల్లని పొడిగా తనలోనే మిగుల్చుకొనును. ఆ పొడి దాని ఎంగిలి.

రాస్ మొదట లావెరాన్ మాట నమ్మలేదు. మన దేశమున ఎన్నో నెత్తురు చుక్కలు చూచెను, ఆ క్రిమి ఆయనకు కనబడలేదు. లేదని వ్రాసెను కూడ. 1894లో లండనులో పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు తన ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఇదిగో ఇది అని చూపిన తరువాతనే ఆయన కండ్లు తెరువబడెను. ఈ భాగము చదివినప్పుడెల్ల నాకు ఆశ్చర్యము కలుగును. గాజు అదే, నెత్తురు అదే, కండ్లును అవే. క్రిమిని దోమ మోయుచుండవచ్చునని ఆయనతో చెప్పినవాడు కూడ మాన్సనే.

1895లో రాస్ సికింద్రాబాదు దండునకు వచ్చెను. అప్పటినుండి దోమలను పట్టి, పెంచి, మలేరియా రోగులను కుట్టించి, ఆ దోమలను కోసి చూచుట ఆయన పని. నడుమ కలరా పనిమీద బెంగుళూరికి పంపబడెను. ఊటీ ప్రాంతమున తానే మలేరియాతో పడెను. 1897 జూనులో మరల సికింద్రాబాదు చేరి, బేగంపేట ఆసుపత్రిలో పని మొదలుపెట్టెను. ఈ రెండేండ్లలో చూచిన దోమలలో ఏమియు లేదు. కారణము నేడు మనకు తెలియును: అవి బూడిదరంగు దోమలు, చారల దోమలు. మనుష్యుల మలేరియా క్రిమి వాటిలో పెరుగదు. ఆయన గొప్ప ఓర్పుతో, మంచి చేతితో, లేనిచోట వెదకుచుండెను.

ఒక దినము ఆసుపత్రి సహాయకుడు గోడమీద వ్రాలిన ఒక చిన్న దోమను ఆయనకు చూపెను. అది తక్కిన దోమలవలె గోడకు సమముగా గాక తోక పైకెత్తి కూర్చుండెను. అనాఫిలిసు దోమను గుర్తించుటకు మన బడిపిల్లలకు నేడు నేర్పు గుర్తు ఇదియే. ఆ సహాయకుని పేరు మరచిపోయితినని, అందుకు విచారించుచున్నానని రాస్ తరువాత తన స్వీయచరిత్రలో వ్రాసెను. కొద్ది దినములకు దోమలు తెచ్చు పనివారిలో నొకడు దోమపురుగులున్న సీసాను తెచ్చెను. వాటినుండి మచ్చల రెక్కల దోమలు లేచినవి.

ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అను మలేరియా రోగి దోమతెరలో పండుకొనెను. ఆ దోమలు ఆయనను కుట్టెను. ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున ఆయనకు ముట్టినది. పది దోమలకు పది అణాలు.

తరువాతి దినములలో ఆ దోమలలో కొన్ని చచ్చెను, కొన్నిటిని కోసి చూచినను ప్రయోజనము లేకపోయెను. 20వ తేదీనాటికి కొద్దియే మిగిలినవి. అది ఆగస్టు నెల; ఉక్కపోత. పంకా వేయించుకొనుటకు వీలు లేదు, గాలికి దోమ ముక్కలు ఎగిరిపోవును. నుదుటినుండియు చేతులనుండియు కారిన చెమటచేత సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. మిగిలిన ఒక్క కంటికటకము బీటవారియుండెను. మన ఊరి సైకిలు మెకానిక్కు అట్టి పనిముట్టును చూచిన ప్రక్కకు పడవేయును.

దోమ అవయవములను ఒకటొకటిగా చూచెను. ఏమియు లేదు. కడుపు సంచి మిగిలెను. దానిలోని కణములన్నిటిని వరుసగా చూచుటకు కనీసము అరగంట పని. విసిగిపోయి వదలివేయవలసినవాడే. వదలలేదు. మధ్యాహ్నము ఒంటిగంట ప్రాంతమున ఆ కణముల నడుమ ఒక గుండ్రని కణము కనబడెను. వెడల్పు సుమారు 12 మైక్రానులు. ఎర్రకణమునకు రెండింతలైనను లేదు. దాని అంచు మరీ స్పష్టముగా నుండెను. దోమ కడుపు కణము అట్లుండదని, వేలకొలది చూచిన ఆయన కంటికి తెలియును. మరలను కొంచెము త్రిప్పి లోపలికి చూడగా, ఆ కణములో నల్లని రేణువుల గుంపు ఉండెను. మలేరియా నెత్తురులో లావెరాన్ చూచినవి, లండనులో మాన్సన్ చూపినవి, ఆ రేణువులే.

ఆ రేణువులు లేకపోయినచో ఏమగును? గాజుపలకమీద రంగు వేయని పారదర్శకమైన కణములు వందలకొలది పరచియుండగా, వాటిలో ఒకటి కొంచెము గుండ్రముగా నున్నది. అంతే. క్రిమి తన ఎంగిలిని తనతో మోసికొనిపోయినది గనుక పట్టుబడెను. దొంగ ఇంటిలో దాగియున్నాడు. బూడిద అంటిన కాళ్లతో లోపలికి వచ్చినాడు.

మరునాడు మిగిలిన దోమను కోసెను. దానిలోను అవే కణములు, అవే రేణువులు. అయితే అవి మునుపటి దినముకంటె పెద్దవి. కాబట్టి అవి ప్రాణముగలవి, పెరుగుచున్నవి. ఆ సంతోషమున రాస్ దేవునికి స్తుతిగా పద్యములు వ్రాసెను. అవి నేటికిని నిలిచియున్నవి. రెండు దోమలలో కనబడిన ఆ వింత కణములను గూర్చిన వ్యాసము 1897 డిసెంబరు 18న బ్రిటిషు వైద్య పత్రికలో పడెను.

కథ అంతటితో ముగియలేదు. సెప్టెంబరులోనే ఆయనను రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేసిరి. అక్కడ ఈ పనికి వీలు లేకపోయెను. 1898లో కలకత్తాకు వచ్చి, పక్షులకు వచ్చు మలేరియాను పట్టుకొని, క్రిమి దోమ కడుపునుండి దాని ఉమ్మి గ్రంథులలోనికి వచ్చుటయు, కాటుతో మరియొక పక్షిలో ప్రవేశించుటయు చూపెను. అదే సంవత్సరము ఇటలీలో గ్రాస్సియు ఆయన తోటివారును మనుష్యుల మలేరియాను అనాఫిలిసు దోమ మోయునని పూర్తిగా రుజువు చేసిరి. ఎవరు ముందు అను తగవు రాస్‌కు గ్రాస్సికి జీవితాంతము సాగెను. అది చదువుటకు సంతోషకరమైన సంగతి కాదు. 1902లో రాస్‌కు, 1907లో లావెరాన్‌కు నోబెలు బహుమానము వచ్చినది. బేగంపేటలోని ఆ కట్టడమునకు రాస్ పేరే పెట్టిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయపు అధీనములోనికి వచ్చినది. ఆగస్టు 20ని లోకమంతట దోమల దినమని పిలుతురు. హుసేన్ ఖాన్‌ను గూర్చి, ఆయన పేరును, ఆ పది అణాలను తప్ప, లోకము జ్ఞాపకముంచుకొన్నది బహు తక్కువ. జ్వరముతో కాలుచున్న శరీరమును దోమలకు అప్పగించినవాడు ఆయనే గదా.

బేగంపేట మధ్యాహ్నమునకు, మా నాయనమ్మ గాదె వెనుక మమ్మును దాచుటకు నడుమ ఇంచుమించు డెబ్బది యేండ్లు. స్వాతంత్ర్యము వచ్చిననాటికి మన దేశమున ఏటికి సుమారు ఏడున్నర కోట్లమందికి మలేరియా వచ్చెడిదని అంచనా. 1953లో మలేరియా నియంత్రణ కార్యక్రమము, 1958లో నిర్మూలన కార్యక్రమము మొదలాయెను. ఇండ్లలో మందు చల్లుట, జ్వరము వచ్చినవారి నెత్తురు చూచుట అను ఈ రెండు పనులతో 1960 దశకపు నడుమకు అది సుమారు లక్షకు దిగెను. పిమ్మట పట్టు సడలెను. 1976లో మరల 64 లక్షలకు ఎగబ్రాకెను. నేడు మరల బహుగా తగ్గినది. నిమిషములలో ఫలితము చెప్పు పరీక్షపట్టీలు కూడ వచ్చినవి. అయినను గాజుపలక పని పోలేదు. ఏ జాతి క్రిమియో, ఎన్ని క్రిములున్నవో, మందుకు లొంగుచున్నవో లేదో కంటితో చూచి లెక్కించుటకు అది కావలసియే యున్నది.

మొన్న వానకాలమున నాకు మూడు దినములు జ్వరము వచ్చినప్పుడు పరీక్షకు పోయితిని. వ్రేలు పొడిచి, ఒకచోట దట్టముగాను ఒకచోట పలుచగాను పూసి, ఆరబెట్టి రంగు వేసిరి. సూక్ష్మదర్శినివద్ద కూర్చున్న అమ్మాయి నా పలకను చూచుటకు చాలసేపు తీసికొనెను. ఎందుకమ్మా ఇంతసేపు అని అడిగితిని. "కనీసం నూరు చోట్ల చూడాలి తాతగారూ. పది చోట్ల చూసి లేదనేస్తే, పదకొండో చోట ఉండచ్చు గదా" అనెను. ఓపిక లేనివారు తొందరపడి లేదని వ్రాసినచో రోగి ఏమగునో ఆమె చెప్పలేదు; నాకు తెలియును. ఒక జాతి మలేరియా మెదడును పట్టినచో, చికిత్స ఆలస్యమైనచో, చిన్నపిల్లలు దినములలోనే చనిపోవుదురు. ఆ నూరు చోట్ల చూపులోనే పిల్లవాని ప్రాణమున్నది.

నా నెత్తురులో ఏమియు లేదు. నా ముఖము చూచి ఆమెకు ఏమి తోచెనో, మీరును చూచెదరా అని లేచి చోటిచ్చెను. వంగి చూచితిని. నల్లని గీతలు కొన్ని ఊగులాడెను. ఇవేనా క్రిములు అంటిని. అవి మీ కనురెప్పల వెండ్రుకలు, కొంచెము వెనుకకు జరుగుడని ఆమె నవ్వెను. జరిగితిని. నేర్పించుటకై దాచియుంచిన పాత పలకను ఆమె నూనె చుక్కక్రింద పెట్టి మరను మెల్లగా త్రిప్పెను. మసకలోనుండి లేత ఎరుపు గుండ్రములు పైకి తేలినవి. వాటిలో ఒకదాని లోపల సన్నని నీలి ఉంగరము, ఉంగరమునకు పొదిగిన రాయివలె ఒక ఎర్రని చుక్క. ఆమె చూపినది గనుక కనబడెను.

అది ఎవరి నెత్తురమ్మా అని అడిగితిని. ఆమె పలకను తీసి వెలుగునకు పట్టి, అంచున వ్రాసియున్న అంకెలు చదివి, నంబరు తప్ప పేరు లేదండీ అనెను.